యుద్ధానికి లెక్క అడిగిన జాన్ బ్రైట్

యుద్ధభేరి మ్రోగిన వేళ దేశమంతా ఒక్క కంఠంతో జయధ్వానం చేయడం లోకసహజం. అట్టి వేళ ఈ యుద్ధం దేనికొరకు, దీనివల్ల సిద్ధించేదేమి అని నిలిచి అడిగేవాడు శత్రుపక్షపాతి అనిపించుకుంటాడు. యుద్ధం ముగిసిన పిదప అదే ప్రశ్న మళ్లీ వేస్తే, గడచినదానిని త్రవ్వనేల అని అందరూ ముఖం త్రిప్పుకుంటారు. యుద్ధానికి ముందూ, యుద్ధ మధ్యంలోనూ, యుద్ధానంతరమూ ఒకే ప్రశ్నను ఒకే స్వరంతో అడిగిన ధీరులు చరిత్రలో బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల రాజనీతిజ్ఞుడు జాన్ బ్రైట్ ఒకడు. ఆయన జీవితం పరదేశీయుడి కథే అయినా, మద్రాసు ప్రజల మొరతోనూ, గోదావరి నీటితోనూ దానికి సంబంధం ఉంది. అందుచేత తెలుగు విద్యార్థులు తెలుసుకోదగిన జీవితాలలో అది కూడా ఒకటి.

బాల్యం, విద్య

ఇంగ్లండు ఉత్తర భాగంలో లాంకషైర్ మండలంలోని రోచ్‌డేల్ పట్టణంలో 1811 నవంబరు 16న జాన్ బ్రైట్ జన్మించాడు. తండ్రి జేకబ్ బ్రైట్ నూలుమిల్లు యజమాని. ఆ కుటుంబం క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందింది. క్వేకర్లు మతాచార్యుల ఆధిక్యాన్ని అంగీకరించరు; ఆయుధం పట్టడాన్ని పాపంగా భావిస్తారు; నిరాడంబరంగా జీవిస్తారు. రాజ్యం గుర్తించిన చర్చికి పన్ను చెల్లించడానికి వారు సమ్మతించనందున, వారి ఇండ్లలోని వస్తువులను అధికారులు జప్తు చేయడం ఆ రోజులలో మామూలు. అంతస్సాక్షి ఒప్పుకోనిదానికి తల వంచకూడదన్న పాఠాన్ని బ్రైట్ పుస్తకాలకంటె ముందు తన ఇంటి గడపలోనే నేర్చుకున్నాడు.

ఆయన చదువు క్వేకర్ల పాఠశాలలలోనే సాగి, పదిహేనవ ఏట ముగిసింది. విశ్వవిద్యాలయ ద్వారం ఆయన తొక్కలేదు. తండ్రి మిల్లులో పనిచేస్తూ, తీరిక వేళల్లో బైబిలును, ఆంగ్ల కవులను, చరిత్ర గ్రంథాలను శ్రద్ధగా చదివి, తన భాషను తానే తీర్చిదిద్దుకున్నాడు. తరువాతి కాలంలో పార్లమెంటులో ఆయనను మించిన వక్త లేడని ప్రత్యర్థులు సైతం అంగీకరించారు.

దుఃఖం నుండి ప్రజాసేవకు

1839లో బ్రైట్ ఎలిజబెత్ ప్రీస్ట్‌మన్ అనే యువతిని వివాహమాడాడు. రెండేళ్లు నిండకముందే, 1841 సెప్టెంబరులో, ఒక పసిబిడ్డను ఒడిలో ఉంచి ఆమె కన్నుమూసింది. ఆ శోకంలో మునిగి ఉన్న బ్రైట్‌ను పరామర్శించడానికి మిత్రుడు రిచర్డ్ కాబ్డెన్ వచ్చాడు. ఓదార్పు మాటలు పలికిన పిదప, అదే క్షణాన దేశంలో వేలాది ఇండ్లలో తల్లులూ పిల్లలూ ఆకలితో మరణిస్తున్నారని ఆయన గుర్తు చేశాడు. దుఃఖం మొదటి తాకిడి తగ్గిన తరువాత తనతో కలిసి రమ్మనీ, ధాన్యపు చట్టాలు రద్దయ్యేవరకు విశ్రమించవద్దనీ కోరాడు. విదేశీ ధాన్యం మీద అధిక సుంకం విధించి, భూస్వాములకు లాభమూ పేదలకు ఆకలీ కలిగించిన చట్టాలవి. బ్రైట్ లేచి స్నేహితుని వెంట నడిచాడు. 1843లో డర్హం నుండి ఆయన పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ ఆ చట్టాలను రద్దు చేయించాడు. మరుసటి సంవత్సరమే నూలు పరిశ్రమకు రాజధాని వంటి మాంచెస్టరు నగరం బ్రైట్‌ను తన ప్రతినిధిగా ఎన్నుకుంది. 1854 నాటికి ఆయన ప్రజాభిమానానికి అవధి లేదు. ఆ అభిమానాన్నంతా కొద్ది మాసాలలో హరించివేసిన యుద్ధం అప్పుడే ముంచుకు వచ్చింది.

క్రిమియా యుద్ధ కారణాలు

ఆ యుద్ధానికి మొదటి కారణం చూడడానికి అల్పమైనది. జెరూసలేము, బెత్లెహేము పుణ్యస్థలాలపై అధికారం కోసం కాథలిక్ సన్యాసులకూ గ్రీకు సనాతన క్రైస్తవ సన్యాసులకూ వివాదం ఏర్పడింది. ఆ స్థలాలు అప్పుడు తురుష్క సుల్తాను ఏలుబడిలో ఉండేవి. కాథలిక్కుల పక్షాన ఫ్రాన్సు, గ్రీకు క్రైస్తవుల పక్షాన రష్యా నిలిచాయి. 1853లో రష్యా చక్రవర్తి మొదటి నికొలాయి, మెన్షికోవ్ అనే రాయబారిని కాన్‌స్టాంటినోపులుకు పంపి, సుల్తాను రాజ్యంలోని సనాతన క్రైస్తవులందరికీ తానే రక్షకుడనే హక్కును కోరాడు. సుల్తాను నిరాకరించాడు. జూలైలో రష్యా సేనలు మాల్డావియా, వలేకియా సంస్థానాలను ఆక్రమించాయి. అవే తరువాతి కాలపు రుమేనియాకు మూలరాజ్యాలు.

మన ఉద్యోగపర్వంలో వలెనే ఇక్కడ కూడా యుద్ధానికి ముందు రాయబారాలు నడిచాయి. వియన్నాలో బ్రిటన్, ఫ్రాన్సు, ఆస్ట్రియా, ప్రష్యా ప్రతినిధులు కలిసి ఒక సంధిపత్రాన్ని రచించారు. రష్యా దానిని అంగీకరించింది. తురుష్క ప్రభుత్వం మార్పులు కోరింది. ఆ మార్పులకు రష్యా ఒప్పుకోలేదు. ఆ అక్టోబరులో తురుష్కులు యుద్ధం ప్రకటించారు. నవంబరు 30న సినోప్ రేవులో లంగరు వేసి ఉన్న తురుష్క నౌకలను రష్యా నౌకాదళం ధ్వంసం చేసింది. ఆ వార్త విన్న బ్రిటిషు ప్రజలు కోపంతో ఊగిపోయారు. 1854 మార్చి నెలాఖరులో బ్రిటన్, ఫ్రాన్సు రష్యాపై యుద్ధం ప్రకటించాయి.

ఇరుపక్షాల వాదాలు

యుద్ధాన్ని సమర్థించినవారి వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. ఒక బలవంతుడు పొరుగు రాజ్యంలోకి సేనలు నడిపించినప్పుడు ఊరకున్నట్లయితే ఐరోపాలో ఏ చిన్న రాజ్యానికీ రక్షణ ఉండదని వారన్నారు. రష్యా సంధిపత్రాన్ని అంగీకరించిందన్నది నిజమే. కాని ఆ పత్రానికి రష్యా మంత్రి నెస్సెల్రోడ్ చెప్పుకున్న భాష్యం ఆ సెప్టెంబరులో పత్రికలకెక్కినప్పుడు, మెన్షికోవ్ కోరిన హక్కునే రష్యా మరొక దారిన పొందజూస్తున్నదని తేటతెల్లమైందని వారు చూపారు. అభ్యుదయవాదులలో పలువురు రష్యా చక్రవర్తిని ద్వేషించడానికి వేరొక కారణం ఉంది. పోలండు స్వాతంత్ర్యాన్ని అణచినది ఆయనే. 1849లో హంగేరీ విప్లవాన్ని అణచడానికి సేనలు పంపినది ఆయనే. కనుక స్వేచ్ఛాప్రియులు ఈ యుద్ధాన్ని కోరడంలో వింత లేదు. ఆ విధంగా బ్రైట్‌తో ధాన్యపు చట్టాలపై భుజం కలిపి పోరాడినవారే ఈ విషయంలో ఆయనకు ఎదురు నిలిచారు.

బ్రైట్ దీనికి సమాధానం చెప్పిన రీతి గమనింపదగినది. తాను క్వేకరు గనుక యుద్ధమే పాపమని ఆయన వాదించలేదు. 1854 మార్చి 31న పార్లమెంటులో మాట్లాడుతూ, సభ్యులందరూ ఒప్పుకునే సూత్రాల మీదనే, ప్రభుత్వం తానే ప్రకటించిన దౌత్యపత్రాల ఆధారంగానే తన విమర్శ సాగించాడు. నాలుగు రాజ్యాలు కలిసి రచించిన పత్రాన్ని రష్యా ఒప్పుకున్నప్పుడు, ఒప్పుకోనివారి పక్షాన నిలిచి ఒప్పుకున్నవారితో పోరాడడం ఏ న్యాయమని అడిగాడు. బలతుల్యత అనే మాటకు ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవచ్చునని, దాని పేరిట ప్రతి తరంలోనూ ప్రజల నెత్తురు, ధనం వ్యయమవుతున్నాయని విప్పిచూపాడు. శిథిలమవుతున్న తురుష్క సామ్రాజ్యాన్ని శాశ్వతంగా నిలపడం బ్రిటన్ వల్ల అయ్యే పని కాదని ముందే చెప్పాడు.

యుద్ధప్రకటనకు కొద్దిదినాల ముందు నౌకాధిపతి చార్లెస్ నేపియర్‌కు లండనులోని ఒక క్లబ్బులో విందు జరిగింది. మంత్రి పామర్‌స్టన్ ఆ విందుకు అధ్యక్షుడు. మంత్రులు చతురోక్తులు విసురుకుంటూ యుద్ధాన్ని వేడుకగా తలచి మాట్లాడిన తీరును బ్రైట్ సభలో తప్పుపట్టాడు. పామర్‌స్టన్ ఆయనను మతబోధకుడితో పోల్చి ఎగతాళి చేశాడు. సభ నవ్వింది. వేలమంది మరణానికి దారితీయబోయే నిర్ణయం నవ్వుల మధ్య జరగడమే బ్రైట్‌ను అన్నిటికంటె ఎక్కువగా బాధించింది.

ఏకాకి

1854 సెప్టెంబరులో మిత్రసేనలు క్రిమియా తీరంలో దిగాయి. అప్పటికే, అంటే ఆగస్టు నాటికే, రష్యా తన సేనలను ఆ రెండు సంస్థానాల నుండి ఉపసంహరించుకోసాగింది. యుద్ధానికి చెప్పిన మొదటి కారణం తొలగిపోయిన తరువాత క్రొత్త కారణాలు పుట్టుకొచ్చాయి. ఆల్మా, బలక్లావా, ఇంకర్మన్ యుద్ధాలు జరిగాయి. శీతకాలం ప్రవేశించింది. గుడారాలు, వెచ్చని దుస్తులు, ఔషధాలు చాలక సైనికులు కలరా, విరేచనాలు, చలి వాతబడి కుప్పలుగా మరణించారు. ఫ్లారెన్స్ నైటింగేల్ ఆసుపత్రి సేవకు బయలుదేరి వెళ్లినది ఆ దినాలలోనే.

మాంచెస్టరులో సైనిక కుటుంబాల సహాయనిధి సభకు రమ్మని ఒక పెద్దమనిషి ఆహ్వానించగా, బ్రైట్ 1854 అక్టోబరులో ఆయనకు సుదీర్ఘమైన ఉత్తరం వ్రాసి, యుద్ధాన్ని తానెందుకు ఖండిస్తున్నాడో వివరించాడు. ఆ ఉత్తరం పత్రికలలో వెలువడింది. ఆయన రష్యాకు అమ్ముడుపోయాడని నిందలు వేశారు. తనను నెత్తిన పెట్టుకున్న మాంచెస్టరు నగరంలోనే ఆయన దిష్టిబొమ్మను తగులబెట్టారు.

ఆ డిసెంబరులో ఆయన మళ్లీ సభలో లేచాడు. ప్రభుత్వం కోరిన నాలుగు షరతులను రష్యా అంగీకరిస్తున్నప్పుడు, ఇంకా యుద్ధమెందుకని ప్రశ్నించాడు. అటుపిమ్మట సభలో తన దగ్గర తరచు కూర్చునే ఫ్రోమ్ నియోజకవర్గ సభ్యుడు కర్నల్ బాయిల్ ప్రస్తావన తెచ్చాడు. యుద్ధానికి వెళ్లేముందు ఆయన ఒక పుస్తకాల దుకాణంలో బ్రైట్‌కు కనిపించాడు. తనకోసం భయం లేదనీ, భార్యనూ అయిదుగురు పసిపిల్లలనూ తలచుకొంటేనే గుండె తరుక్కుపోతున్నదనీ చెప్పి వెళ్లాడు. మరి తిరిగి రాలేదు. దౌత్యపత్రాల వాదానికి చెవి ఒగ్గనివారు కూడా ఈ మాటలకు తల వంచారు.

1855 జనవరి చివర, యుద్ధనిర్వహణ లోపాలపై విచారణ జరపాలని రోబక్ ప్రవేశపెట్టిన తీర్మానం 148కి 305 ఓట్లతో నెగ్గింది. అబర్డీన్ ప్రభుత్వం కూలిపోయింది. పామర్‌స్టన్ ప్రధాని అయ్యాడు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సభలో అత్యధికులు యుద్ధం సరిగా నడపలేదని ప్రభుత్వాన్ని దించారు. యుద్ధం అవసరమా అని అడిగినవారు మాత్రం వేళ్లమీద లెక్కించదగినవారు. నిర్వహణలోని తప్పును ఎంచడం తేలిక. ఉద్దేశంలోని తప్పును ఎంచడం కష్టం.

1855 ఫిబ్రవరి 23న వియన్నాలో సంధి చర్చలు జరగనున్న సమయంలో బ్రైట్ చేసిన ఉపన్యాసం ఆంగ్ల పార్లమెంటు చరిత్రలో చిరస్మరణీయమైనది. అందులో ఆయన ఏ పక్షాన్నీ నిందించలేదు. మృత్యువు ధనికుని భవనమనీ దరిద్రుని గుడిసె అనీ చూడకుండా దేశమంతా సంచరిస్తున్నదని చెప్పి, ఈ సంహారాన్ని ఆపగల శక్తి ప్రధానికి ఉన్నదనీ, దానిని వినియోగించమనీ ప్రార్థించాడు. సభ నిశ్శబ్దంగా విన్నది. కాని యుద్ధం ఆగలేదు.

ఆ సంవత్సరం సెప్టెంబరులో సెబాస్టపోల్ కోట పడింది. 1856 మార్చి 30న పారిస్ సంధి కుదిరింది. నల్లసముద్రంలో రష్యా గాని తురుష్కులు గాని యుద్ధనౌకలు ఉంచరాదన్నది అందులోని ముఖ్యమైన షరతు. బ్రిటిషు సైనికులలో ఇరవై వేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులను పొట్టన పెట్టుకున్నది శత్రువు తుపాకి కాదు, రోగం. ఫ్రెంచివారి నష్టం, రష్యనుల నష్టం అంతకు ఎన్నో రెట్లు. పౌనుకు 7 పెన్నీలుగా ఉన్న ఆదాయపు పన్ను యుద్ధకాలంలో 16 పెన్నీలకు పెరిగింది.

పరాజయం, పునర్జన్మ

సంధి కుదరకముందే, 1856 ఆరంభంలో, బ్రైట్ ఆరోగ్యం దెబ్బతిన్నది. నరాల నిస్త్రాణ వల్ల ఆయన చదవలేక, వ్రాయలేక, సభకు పోలేక చాలాకాలం బాధపడ్డాడు. విశ్రాంతి కోసం విదేశాలకు పోయి ఉన్న సమయంలో, 1857 మార్చిలో, చైనాపై యుద్ధం విషయమై పామర్‌స్టన్‌ను అభిశంసించే కాబ్డెన్ తీర్మానం 247కి 263 ఓట్లతో నెగ్గింది. పామర్‌స్టన్ సభను రద్దు చేసి ప్రజల వద్దకు పోయాడు. ఎన్నికలలో కాబ్డెన్ ఓడాడు. మాంచెస్టరులో బ్రైట్ ఓడాడు. ఆ వార్త ఆయనకు ఇటలీలో అందింది. పదేళ్లు సేవించిన నగరం తనను కాదన్నదన్న వేదన ఆయనను వదలలేదు. అయినా తన అభిప్రాయాన్ని మార్చుకొని ఆ నగరాన్ని తిరిగి పొందే ప్రయత్నం ఆయన చేయలేదు. కొద్ది మాసాలకే, ఆగస్టులో, బర్మింగ్‌హామ్ ఆయనను తన సభ్యునిగా ఎన్నుకున్నది. ఆ బంధం ఆయన మరణం వరకు నిలిచింది.

మద్రాసు మొర, గోదావరి నీరు

భారతదేశ విషయాలపై బ్రైట్‌కు ఉన్న శ్రద్ధ ప్రత్యేకంగా చెప్పదగినది. భారతదేశంలో ప్రత్తి సాగును గూర్చి 1848లో పనిచేసిన పార్లమెంటు సంఘానికి ఆయనే అధ్యక్షుడు. మొదట మిల్లు యజమానిగా ప్రత్తికోసం చూసిన ఆయన దృష్టి, ప్రత్తి పండించే రైతు దుఃస్థితి మీదికి మళ్లింది. 1852లో మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి అనే తెలుగు వర్తక ప్రముఖుడు మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. పన్నుల భారం, వసూలులో జరిగే హింసలను గూర్చి ఆ సంఘం పార్లమెంటుకు మహజరు పంపింది. 1853లో కంపెనీ పాలనకు గడువు పొడిగించే చట్టం చర్చకు వచ్చినప్పుడు, దానిని గట్టిగా ఎదిరించినవారిలో బ్రైట్ అగ్రగణ్యుడు. ఆయన సభ్యుడుగా ఉన్న ఇండియా రిఫార్మ్ సొసైటీ అధ్యక్షుడు డాన్బీ సేమూర్ మద్రాసుకు స్వయంగా వచ్చి పరిస్థితులు చూసిపోయాడు. 1854లో ఈ హింసలపై విచారణసంఘం ఏర్పడింది. మొర నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది.

1858 జూన్ 24న భారత పరిపాలనపై జరిగిన చర్చలో బ్రైట్ ఒక లెక్క చెప్పాడు. 1834 నుండి 1848 వరకు పద్నాలుగేళ్లలో కంపెనీ తన విశాల రాజ్యమంతటా ప్రజోపయోగమైన పనుల మీద వ్యయపరచినదానికంటె, మాంచెస్టరు అనే ఒక్క నగరం తన నీటి సరఫరా మీద వ్యయపరచినది ఎక్కువని చూపాడు. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి మండలాన్ని ఎట్లా మార్చివేసిందో తెలిసిన తెలుగువారికి ఆ లెక్కలోని భావం విప్పి చెప్పనక్కరలేదు. ఆర్థర్ కాటన్ కోరినట్లు కాలువలకు ధనం ఇవ్వడానికి వెనుకాడిన పాలకులు, యుద్ధాలకు వెనుకాడలేదు. 1876–78 మహాక్షామంలో మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలలో లక్షలాది ప్రజలు మరణించినప్పుడు నీటిపారుదల ఆవశ్యకతను బ్రైట్ మరల ఎలుగెత్తి చాటాడు. యుద్ధానికి ఆయన అడిగిన లెక్కలో మృతుల సంఖ్య మాత్రమే గాక, ఆ ధనంతో త్రవ్వకుండా మిగిలిన కాలువలు కూడా ఉన్నాయి.

ఆయనపై వచ్చిన ఆక్షేపణలు

బ్రైట్‌ను విమర్శించినవారికి ఆధారాలు లేకపోలేదు. 1857లో భారతదేశంలో తిరుగుబాటు చెలరేగినప్పుడు దానిని అణచవలసిందేనని ఆయన అన్నాడు. క్రిమియాలో యుద్ధం వద్దన్నవాడు మీరట్, ఢిల్లీలలో దానిని ఎట్లా ఒప్పుకున్నాడని ఆ నాడే ప్రశ్నించారు. తిరుగుబాటుకు కారణమైన దుష్పరిపాలనను ఆయన నిర్దాక్షిణ్యంగా ఖండించాడు. ప్రజలకు క్షమాభిక్ష ప్రకటించాలని, దేశాన్ని అయిదు రాష్ట్రాలుగా విభజించి వాటికి స్వయంపాలన బాధ్యత అప్పగించాలని సూచించాడు. అయినా పాలితుల దృష్టితో చూసినప్పుడు ఆ విషయంలో ఆయన కొలబద్ద పొట్టిదైనదని చెప్పక తప్పదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఆయన ఉత్తర రాష్ట్రాల పక్షం వహించాడు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దక్షిణాదివారే యుద్ధం తెచ్చారని ఆయన విశ్వాసం. అమెరికా ప్రత్తి రాక లాంకషైర్ మిల్లులు మూతబడ్డాయి, ఆయన మిల్లులకూ ఆ దెబ్బ తగిలింది, కూలీలు పస్తులున్నారు. ప్రత్తికోసం బ్రిటన్ దక్షిణరాష్ట్రాలను గుర్తించాలని పలుకుబడి గలవారెందరో కోరారు. బ్రైట్ చలించలేదు. ఇది శాంతివాదానికి ద్రోహమని కొందరన్నారు. ఆయన ఏనాడూ యుద్ధమన్నదానినల్లా ఒకే గాటన కట్టలేదన్నది వాస్తవం. ప్రతి యుద్ధానికీ కారణం, ప్రత్యామ్నాయం, ఫలితం వేర్వేరుగా తూచవలసిందేనన్నది ఆయన పద్ధతి. ఆ తూకంలో ఆయన ఒకటి రెండు సార్లు తప్పి ఉండవచ్చును. తన లాభాన్ని మాత్రం తక్కెడలో వేయలేదు.

ఫలితాల తీర్పు

యుద్ధం సఫలమైందా, విఫలమైందా అన్న వాదం పారిస్ సంధితో ముగియలేదు. సమర్థకులు చూపిన ఫలితాలు ఇవి: రష్యా ముందడుగు ఆగింది; తురుష్క రాజ్యానికి ఊపిరి పీల్చుకొనే అవకాశం కలిగింది; డాన్యూబు నదిలో నౌకాయానానికి అంతర్జాతీయ రక్షణ ఏర్పడింది; రెండు సంస్థానాలు ఏకమై రుమేనియా రూపొందింది. పరాజయం వల్లనే రష్యా కళ్లు తెరచి 1861లో అర్ధబానిసలైన రైతులను విముక్తులను చేసిందని కూడా వారన్నారు.

విమర్శకులు చూపినవి వేరు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా పోరాడుతున్న సమయం చూసి రష్యా నల్లసముద్రపు షరతును త్రోసివేసింది. 1871లో లండను సమావేశం దానికి ఆమోదముద్ర వేసింది. వేలాది ప్రాణాలిచ్చి సాధించిన ముఖ్య షరతు పదిహేనేళ్లు తిరగకుండా కాగితమై పోయింది. దానిని పోనిచ్చిన ప్రభుత్వానికి ప్రధాని గ్లాడ్‌స్టన్. 1854లో యుద్ధానికి ధనం సమకూర్చిన ఆర్థికమంత్రీ ఆయనే. 1876లో బల్గేరియాలో తురుష్క సేనల అత్యాచారాలు బయటపడినప్పుడు, ఒకనాడు బ్రిటన్ కాపాడిన ప్రభుత్వమే నిందితురాలై నిలిచింది. 1877లో రష్యా, తురుష్కులు తిరిగి పోరాడారు. బ్రిటన్ మరల యుద్ధంలోకి దిగకూడదన్నవారిలో ఈసారి బ్రైట్ ఒంటరి కాడు. గ్లాడ్‌స్టన్ కూడా ఆ పక్షాననే ఉన్నాడు. డిజ్రేలీ పక్షం తురుష్కులను సమర్థించింది. ఇరవై ఏళ్లలో పక్షాలు చోటు మార్చుకున్నాయి. బ్రైట్ మాత్రం నిలిచినచోటనే నిలిచాడు.

ఆయన గతించిన ఎనిమిదేళ్లకు, 1897లో, ప్రత్యర్థి పక్షమైన కన్సర్వేటివు ప్రధాని సాలిస్బరీ ప్రభువు, ఆనాడు రష్యాకు వ్యతిరేకంగా తురుష్కుల పక్షం వహించడం తప్పుడు గుర్రంపై పందెం కట్టడమేనని ప్రభువుల సభలో ఒప్పుకున్నాడు. అయితే ఆ ఒప్పుకోలుతో వాదం ఆరిపోలేదు. వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడని మన సామెత. క్రిమియా విషయంలో ఎవరు ఎప్పుడు ఏడవాలన్నది చరిత్రకారులు ఈనాటికీ తేల్చలేదు.

చివరి పరీక్ష

ప్రత్యర్థులు చేసే యుద్ధాన్ని ఖండించడం సులభం. తన వారు చేసే యుద్ధం ఎదురైనప్పుడే మనిషి నిజస్వరూపం తేలుతుంది. 1880లో గ్లాడ్‌స్టన్ రెండవసారి ప్రధాని అయినప్పుడు బ్రైట్ ఆయన మంత్రివర్గంలో సభ్యుడు. ఇద్దరూ చిరకాల మిత్రులు. 1882 జూలై 11న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంపై బ్రిటిషు నౌకాదళం ఫిరంగులు పేల్చింది. దేశక్షేమానికీ, సూయజ్ కాలువ రక్షణకూ అది తప్పదని గ్లాడ్‌స్టన్ భావించాడు. అంతర్జాతీయ ధర్మానికీ నైతిక ధర్మానికీ అది విరుద్ధమని బ్రైట్ భావించాడు. డెబ్బై ఏళ్ల వయస్సులో ఆయన పదవి వదులుకున్నాడు. సభలో చేసిన ప్రకటన చాలా క్లుప్తమైనది. సహచరులపై నింద లేదు. నలభై ఏళ్లుగా తాను బోధించినదానికి ఇప్పుడు విరుద్ధంగా నడవలేనన్నదే దాని సారం. ఆ తరువాత ఈజిప్టుకు పోయిన సేనలలో భారతీయ సైనికులు ఉన్నారు. ఖర్చులో కొంత భారతదేశం మీద కూడా పడింది. తాత్కాలికమని చెప్పిన ఆ ప్రవేశం దశాబ్దాలు కొనసాగింది.

1886లో ఐర్లండు స్వపరిపాలన విషయంలో గ్లాడ్‌స్టన్‌తో ఆయనకు పూర్తిగా తెగిపోయింది. 1889 మార్చి 27న రోచ్‌డేల్‌లో బ్రైట్ కన్నుమూశాడు. ఆడంబరమైన అంత్యక్రియలు ఆయన కోరలేదు. క్వేకర్ల ప్రార్థనామందిరం ఆవరణలో సామాన్యుల నడుమ ఆయనను ఖననం చేశారు. ఒకనాడు ఆయన దిష్టిబొమ్మను దహించిన మాంచెస్టరు నగరం, తన నడిబొడ్డున ఆయన విగ్రహాన్ని నిలిపింది.

ఆ విగ్రహం ఆయన వాదమంతా సత్యమనడానికి సాక్ష్యం కాదు. యుద్ధం విషయంలో సజ్జనులు రెండు పక్షాలలోనూ ఉండవచ్చును. ఫలితం కూడా చూచేవారి దూరాన్నిబట్టి మారవచ్చును. బ్రైట్ జీవితం నేర్పే పాఠం అంతకంటె మౌలికమైనది. యుద్ధానికి చెప్పిన కారణాన్ని వ్రాసి ఉంచుకోవాలి. ముగిసిన తరువాత ఆ కాగితం తీసి ఫలితంతో పోల్చుకోవాలి. ఆ పని ప్రత్యర్థి పక్షానికే కాక తన పక్షానికీ చేయాలి. పాఠశాలలో గణితం నేర్చే బాలునికి ఉపాధ్యాయుడు నేర్పేదీ ఇదే: సమాధానం తనకు నచ్చినదైనా సరే, లెక్క సరిచూడకుండా పలక దించకూడదు.